బంగాళాదుంప వేపుడు తినుబండారాలు

బంగాళాదుంప వేపుడు తినుబండారాలు అనగా బంగాళాదుంపను తరిగి గాని, తురిమి గాని, ఉడికించి మెదిపి గాని కాగిన నూనెలో లేదా కొవ్వులో వేయించి తయారుచేసే చిరుతిళ్ళు. బజ్జీ, బోండా, చిప్స్, ఫ్రెంచ్ ఫ్రైస్, కట్లెట్ మొదలైనవి ఈ కోవకు చెందినవి. ఇవి ప్రపంచంలో చాలా దేశాలలో దొరుకుతాయి. అయితే దేశాన్ని బట్టి వీటి పేర్లు, తరిగే తీరు, పైపూత, వేయించే నూనె మారుతూ ఉంటాయి. ఒకే పేరు రెండు దేశాలలో రెండు వేర్వేరు పదార్థాలకు వాడబడుతున్నది. ఒకే పదార్థానికి ఒక దేశంలోనే మూడు పేర్లు ఉన్న సందర్భాలు కూడా కలవు. పేరును బట్టి దుంప ఆకారం కొంతవరకు తెలుస్తుంది గాని, అది ఏ కొవ్వులో వేగినదో తెలియదు. శాకాహారులకు ఈ సంగతి ముఖ్యమైనది.

దుంప పేరు

బంగాళాదుంప జన్మస్థలం దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. అక్కడి కెచువా భాషలో దీని పేరు పాపా. స్పెయిన్ దేశస్థులు 16వ శతాబ్దంలో దీనిని ఐరోపాకు తెచ్చారు. చిలగడదుంపకు వాడుకలో ఉన్న బటాటా అనే మాటతో కలిసి స్పానిష్‌లో పటాటా, ఇంగ్లీషులో పొటాటో అనే పేర్లు ఏర్పడ్డాయి. భారతదేశానికి పోర్చుగీసువారి ద్వారా వచ్చినందున మరాఠీ, కొంకణి, గుజరాతీ భాషలలో నేటికీ దీనిని బటాటా అనే అంటారు. హిందీ, బెంగాలీ మొదలైన భాషలలోని ఆలూ అనే పేరు దుంప అని అర్థమిచ్చే పాత సంస్కృత పదం నుండి వచ్చినది.

తెలుగువారిలో కూడా ఈ దుంపకు ఒకే పేరు లేదు. కోస్తా జిల్లాలలో బంగాళాదుంప అంటారు, అనగా బెంగాల్ నుండి వచ్చిన దుంప. తెలంగాణలో ఆలుగడ్డ అంటారు. రాయలసీమలో, ముఖ్యంగా చిత్తూరు ప్రాంతంలో, ఉర్లగడ్డ అంటారు. ఈ మాట తమిళంలోని ఉరుళైక్కిళంగుకు దగ్గరి చుట్టం. దుంప గుండ్రంగా దొర్లుతుంది కాబట్టి ఆ పేరు వచ్చినది. ఆ విధంగా కోస్తా పేరు దుంప వచ్చిన చోటును, రాయలసీమ పేరు దాని ఆకారాన్ని తెలుపుతున్నాయి. వేపుడు తినుబండారాల పేర్లలో కూడా ఈ రెండు పద్ధతులు కనబడతాయి.

కృష్ణా డెల్టాలో

కృష్ణా జిల్లాలోని ఉయ్యూరు, విజయవాడ నుండి మచిలీపట్నం వెళ్ళే రహదారిపై ఉన్న పట్టణం. ఇది చక్కెర కర్మాగారం వల్లను, మాఘమాసంలో జరిగే వీరమ్మ తల్లి తిరునాళ్ళ వల్లను పేరు పొందినది. డెల్టా నేలల్లో వరి, చెరకు, మినుము, అరటి, పసుపు ప్రధానంగా పండుతాయి. బంగాళాదుంప ఇక్కడి పంట కాదు. దేశంలో ఈ పంట ఎక్కువగా ఉత్తర ప్రదేశ్, పశ్చిమ బెంగాల్, బీహార్, గుజరాత్ రాష్ట్రాలలో పండుతుంది. డెల్టాలోని అంగళ్ళకు వచ్చే దుంప చాలావరకు బయటి రాష్ట్రాలదే.

అందువలన ఇక్కడి వంటలో బంగాళాదుంప కొత్త పద్ధతిని తేలేదు. అంతకు ముందు నుండి ఉన్న పద్ధతులలో అరటికాయ, వంకాయ, కంద, చేమ, పెండలం సరసన చేరినది. ఆ పాత పద్ధతుల పేర్లే దీనికీ అన్వయించాయి.

- బజ్జీ: దుంపను చెక్కు తీసి పలుచని బిళ్ళలుగా తరిగి, ఉప్పు, కారం, వాము కలిపిన శనగపిండి జారులో ముంచి, కాగిన నూనెలో వేస్తారు. పూత కరకరలాడటానికి కొద్దిగా బియ్యపుపిండి, పొంగటానికి చిటికెడు వంటసోడా కలుపుతారు. అరటికాయ బజ్జీ పద్ధతి కూడా ఇదే. బిళ్ళ మందమైతే పూత ఎర్రబడేసరికి లోపలి దుంప ఉడకదు. అందుచేత అరటికాయ కంటె బంగాళాదుంపను పలుచగా తరుగుతారు.
- బోండా: ఉడికించిన దుంపను మెదిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టి, ఉండలు చేసి శనగపిండి జారులో ముంచి వేయిస్తారు. దీనిని ఆలూ బోండా అంటారు. పేరులోని ఆలూ హిందీ మాట. ఇంట్లో బంగాళాదుంప అనేవారు కూడా బండి దగ్గర ఆలూ బోండా అనే అడుగుతారు.
- చిప్స్: పలుచని రేకులుగా కోసి, పిండి పూత లేకుండా వేయించి, ఉప్పు కారం చల్లినవి. మిఠాయి దుకాణాలలో కారపు తినుబండారాలన్నిటినీ కలిపి హాట్ అంటారు. ఈ మాటకు ఇక్కడ వేడి అని కాక కారం అని అర్థం. చల్లారిన చిప్స్ కూడా హాట్ కిందికే వస్తాయి.
- వేపుడు: చిన్న ముక్కలుగా తరిగి నూనెలో వేయించి, కూరకారం గాని వెల్లుల్లి కారం గాని చల్లినది. ఇది చిరుతిండి కాదు. పప్పు, పప్పుచారు వంటి వాటితో అన్నంలోకి ఆదరువు. ఐరోపాలో బండి దగ్గర కాగితపు పొట్లంలో తినే పదార్థానికి తెలుగువారి విస్తరిలో దగ్గరిగా ఉన్నది ఇదే.

బజ్జీ అనే మాట వేయించుట అనే అర్థం గల సంస్కృత ధాతువుకు సంబంధించినదిగా చెబుతారు. తెలుగులో దీనికి ఇంకొక వాడుక కూడా ఉన్నది. వంకాయను కాల్చి మెదిపి చేసే వంకాయ బజ్జీలో పిండి పూత గాని, నూనెలో వేయించుట గాని లేదు. మరాఠీలో భాజీ అంటే కూర. పావ్ భాజీలోని భాజీ ఇదే. పిండిలో ముంచి వేయించిన దానిని అక్కడ భజీ అంటారు.

తిరునాళ్ళ అంగళ్ళలోను, సాయంత్రపు బజ్జీల బండ్ల వద్దను మిరపకాయ బజ్జీకి ఉన్నంత గిరాకీ బంగాళాదుంపకు లేదు. అయితే మిరప కూడా అమెరికా ఖండం నుండి పోర్చుగీసువారు తెచ్చినదే. ఆంధ్రుల వంటకంగా పేరుబడ్డ మిరపకాయ బజ్జీలోని కాయ, దాని పక్కనే వేగే ఆలూ బజ్జీలోని దుంప, రెండూ సముద్రాలు దాటి వచ్చినవే.

ఇతర రాష్ట్రాలలో

మహారాష్ట్రలో ఆలూ బోండాకు సమానమైనది బటాటా వడ. కృష్ణా జిల్లాలో వడ అంటే పప్పు రుబ్బి చేసినది కాబట్టి ఈ పేరు కొత్తవారిని తికమక పెడుతుంది. బటాటా వడను పావ్ అనే రొట్టెలో పెట్టి ఇచ్చే వడా పావ్ 1960లలో ముంబైలోని దాదర్ రైల్వే స్టేషను వద్ద మొదలైనదని ప్రతీతి. ఉత్తర భారతంలో ముక్కలను శనగపిండిలో కలిపి వేయించిన దానిని ఆలూ పకోడా అంటారు. తెలుగువారికి పకోడీ అంటే సాధారణంగా ఉల్లిపాయతో చేసినది.

బెంగాల్‌లో మెదిపిన దుంపకు శనగపిండి పూత పెట్టి వేయించినది ఆలూర్ చప్. ఇందులోని చప్, ఇంగ్లీషులో ఎముకతో ఉన్న మాంసపు ముక్క అని అర్థమిచ్చే మాట. కట్లెట్ కూడా ఇటువంటిదే. ఫ్రెంచ్‌లో పక్కటెముక మాంసానికి ఉన్న పేరు భారతదేశంలో దుంప, బఠాణీ, క్యారెట్ కలిపి వేయించిన బిళ్ళకు చేరినది. మాంసపు వంటకాల పేర్లు ఇక్కడ పూర్తి శాకాహార పదార్థాలకు స్థిరపడ్డాయి. దీనికి విరుద్ధంగా, శాకాహారంగా తోచే పేరు గల పదార్థాలు విదేశాలలో మాంసపు కొవ్వుతో తయారయ్యే సందర్భాలు ఉన్నాయి.

చిప్స్ అనే మాట

వేపుడు దుంపల పేర్లలో ఎక్కువ అయోమయానికి కారణమైనది చిప్స్. ఇంగ్లీషులో దీనికి చెక్క, తునక అని అర్థం.

- బ్రిటన్‌లో చిప్స్ అంటే వేలి మందాన పొడవుగా తరిగి వేయించి, వేడిగా ఉప్పు, వినిగర్‌తో తినేవి. పలుచని కరకరలాడే రేకులను క్రిస్ప్స్ అంటారు.
- అమెరికాలో పలుచని రేకులే చిప్స్. పొడవాటివి ఫ్రెంచ్ ఫ్రైస్.
- ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో రెండింటినీ చిప్స్ అనే అంటారు. తేడా చెప్పవలసి వస్తే పొడవాటి వాటిని హాట్ చిప్స్ అంటారు. ఇక్కడ హాట్ అంటే వేడి.
- దక్షిణ ఆఫ్రికాలో మెత్తగా, వేలాడేలా ఉండే లావుపాటి ముక్కలను స్లాప్ చిప్స్ అంటారు. అక్కడ మెత్తదనం లోపం కాదు, అదే దాని లక్షణం.
- టాంజానియాలో వేయించిన ముక్కలపై గుడ్లు గిలకొట్టి పోసి అట్టులా చేసిన దానిని చిప్సి మాయాయి అంటారు. స్వాహిలీలో మాయాయి అంటే గుడ్లు.
- భారతదేశంలో చిప్స్ అంటే పలుచని రేకులు, అనగా అమెరికా అర్థం. హోటళ్ళలో పొడవాటి వాటికి ఫింగర్ చిప్స్ అనే పేరు కూడా ఉన్నది.

పలుచని చిప్స్‌ను 1853లో అమెరికాలోని సరటోగా స్ప్రింగ్స్ పట్టణంలో జార్జ్ క్రమ్ అనే వంటవాడు కనిపెట్టినట్లు ఒక కథ ప్రచారంలో ఉన్నది. కాని 1817లో ఇంగ్లండ్‌లో విలియం కిచినర్ ప్రచురించిన వంటల పుస్తకంలోనే దుంపను పలుచని ముక్కలుగా కోసి వేయించే పద్ధతి కనబడుతుంది. భారతదేశంలో పొట్లాల చిప్స్ 1990లలో బాగా వ్యాపించాయి. మిఠాయి దుకాణపు గాజు సీసాలలో ఉండే చిప్స్‌కు తోడు గాలి నింపిన సంచులు చిల్లర కొట్లలో వేలాడసాగాయి.

ఫ్రెంచ్ ఫ్రైస్

పేరులో ఫ్రెంచ్ అని ఉన్నా, ఇవి తమవేనని బెల్జియం దేశస్థులు వాదిస్తారు. ఈ విషయంలో రెండు దేశాల మధ్య వాదన తెగలేదు. బెల్జియం పద్ధతిలో ముక్కలను రెండు సార్లు వేయిస్తారు. మొదట సుమారు 150 నుండి 160 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో లోపలి భాగం ఉడికేదాకా వేయించి, తీసి ఆరనిస్తారు. తరువాత 175 నుండి 180 డిగ్రీలలో పైభాగం కరకరలాడేదాకా మళ్ళీ వేయిస్తారు. సంప్రదాయంగా ఇందుకు ఎద్దుకొవ్వు వాడతారు. కాగితపు పొట్లంలో పోసి, గుడ్డుసొనతో చేసిన మయొనైజ్ నంజుకుంటారు.

నెదర్లాండ్స్‌లో ఉత్తరాదిన పటాట్ అని, దక్షిణాదిన ఫ్రీట్ అని అంటారు. మయొనైజ్, వేరుశనగ సాస్, ఉల్లిపాయ ముక్కలు కలిపి పోసిన దానికి యుద్ధం అనే అర్థం గల పేరు ఉన్నది. జర్మనీలో పొమ్మెస్ అంటారు. ఇది పొమ్ ఫ్రిత్ అనే ఫ్రెంచ్ పేరులోని మొదటి సగం మాత్రమే. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 1950లలో పుట్టిన పుటీన్‌లో వేపుడు ముక్కలపై జున్ను తునకలు వేసి, వేడి గ్రేవీ పోస్తారు. ఈ గ్రేవీ చాలాచోట్ల మాంసపు రసంతో చేసినదై ఉంటుంది. కెన్యాలో టమాటా, మిరప, కొత్తిమీర ముద్దలో కలిపిన మసాలా చిప్స్ ప్రసిద్ధి. ఇందులో భారతీయుల వంట ప్రభావం స్పష్టంగా కనబడుతుంది.

పిండి పూత గల రకాలు

కృష్ణా డెల్టాలోని ఆలూ బజ్జీకి దగ్గరి రూపాలు దూరదేశాలలో ఉన్నాయి. కొన్ని భారతీయుల వలసతో వెళ్ళినవి, కొన్ని అక్కడివారు వేరుగా చేసుకున్నవి.

మారిషస్‌కు 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి వెళ్ళిన భారతీయులలో తెలుగువారు కూడా ఉన్నారు. అక్కడ బంగాళాదుంప బిళ్ళలను శనగపిండిలో ముంచి వేయించిన వాటిని గాతో పొమ్‌దెతేర్ అంటారు. గాతో అంటే ఫ్రెంచ్‌లో కేకు, పొమ్ దె తేర్ అంటే బంగాళాదుంప. పదార్థం బజ్జీయే అయినా బజ్జీ అనే పేరు పోయి, ఆ ద్వీపంలోని క్రియోల్ భాష పేరు వచ్చినది. కెన్యాలో ఇందుకు భిన్నంగా జరిగినది. అక్కడికి వలస వెళ్ళిన గుజరాతీలు తీసుకువెళ్ళిన భజియా అనే పేరు నిలిచినది. కాని నైరోబీలో భజియా అంటే ప్రధానంగా బంగాళాదుంపతో చేసినదే. ఒక చోట పేరు మారి పదార్థం నిలువగా, మరొక చోట పేరు నిలిచి దాని అర్థం కుదించుకుపోయినది.

ఆస్ట్రేలియాలో దుంప బిళ్ళలను గోధుమపిండి జారులో ముంచి వేయిస్తారు. విక్టోరియా రాష్ట్రంలో దీని పేరు పొటాటో కేక్. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాలలో పొటాటో స్కాలప్. దక్షిణ ఆస్ట్రేలియాలో పొటాటో ఫ్రిటర్. స్కాలప్ ఒక రకం సముద్రపు ఆల్చిప్ప పేరు కూడా. మెల్బోర్న్ నుండి సిడ్నీకి వెళ్ళిన తెలుగు కుటుంబానికి ఒకే దుంప బజ్జీ రెండు పేర్లతో ఎదురవుతుంది. రెండవ పేరు శాకాహారిని అనుమానంలో పడవేస్తుంది. చేపలు వేయించిన నూనెలోనే దీనిని వేయించే దుకాణాలు ఉండటం వల్ల ఆ అనుమానం అకారణం కాదు.

మలేషియాలోని కరిపాప్ ఇంకొక రకం. మైదా పూరీలో మసాలా బంగాళాదుంప కూర పెట్టి, అర్ధచంద్రాకారంలో మడిచి, అంచు నొక్కి వేయిస్తారు. తీపి లేకపోవటం తప్ప ఆకారంలో ఇది తెలుగువారి కజ్జికాయను పోలి ఉంటుంది.

తురుము, ముద్ద రకాలు

- రోష్టి: స్విట్జర్లాండ్‌లో దుంపను తురిమి పెనంపై దిబ్బరొట్టెలా వేయించినది.
- లాట్కె: ఐరోపా యూదులు హనుక్కా పండుగకు తురిమిన దుంపతో చేసేది. పండుగకు నూనెతో సంబంధం ఉన్నందున నూనెలో వేయించటం ఇక్కడ ఆచారం.
- కొరొక్కె: జపాన్‌లో మెదిపిన దుంపకు రొట్టెపొడి అద్ది వేయించినది. ఫ్రెంచ్ క్రోకెట్ నుండి పేరు వచ్చినది. తరచుగా మాంసపు కైమా కలుపుతారు.
- పాపా రెయెనా: దుంప జన్మస్థలమైన పెరూలో మెదిపిన దుంప మధ్య మాంసపు కూర పెట్టి వేయించినది. చూడటానికి బోండాను పోలి ఉంటుంది.

పేరుపై వివాదాలు

పేరును బట్టి పన్ను మారిన సందర్భం ఒకటి బ్రిటన్‌లో ఉన్నది. అక్కడ సాధారణ ఆహార పదార్థాలపై విలువ ఆధారిత పన్ను ఉండదు, కాని బంగాళాదుంప క్రిస్ప్స్ వంటి వాటిపై ఉంటుంది. ప్రింగిల్స్ అనే తినుబండారంలో దుంప సగం కంటె తక్కువ ఉన్నందున అది ఆ కోవలోకి రాదని తయారీదారులు వాదించారు. 2008లో హైకోర్టు ఆ వాదనను అంగీకరించినది. 2009లో అప్పీలు కోర్టు దానిని కొట్టివేసి, పన్ను వర్తిస్తుందని తీర్పునిచ్చినది. అమెరికాలో ఇదే పదార్థాన్ని చిప్స్ అనటానికి ఇతర తయారీదారులు అభ్యంతరం చెప్పగా, ఎండబెట్టిన దుంపతో చేసినదని కూడా చెప్పాలని అక్కడి ప్రభుత్వ సంస్థ 1975లో నిర్ణయించినది. తరువాత అక్కడ కూడా అది క్రిస్ప్స్ అయినది.

2003లో ఇరాక్ యుద్ధాన్ని ఫ్రాన్స్ వ్యతిరేకించినందుకు అమెరికా ప్రతినిధుల సభ భోజనశాలలలో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరును ఫ్రీడమ్ ఫ్రైస్ అని మార్చారు. 2006లో పాత పేరు తిరిగి వచ్చినది. ఈ మూడేళ్ళలో మారినది పేరు మాత్రమే.

వేయించే కొవ్వు, శాకాహారం

కృష్ణా డెల్టాలో వేపుళ్ళకు వేరుశనగ నూనె, పామాయిల్, పొద్దుతిరుగుడు నూనె వాడతారు. ఆలూ బజ్జీ శాకాహారమా అనే ప్రశ్న ఇక్కడ సాధారణంగా రాదు. విదేశాలలో పరిస్థితి వేరు. ఉత్తర ఇంగ్లండ్‌లోని కొన్ని దుకాణాలు నేటికీ చిప్స్‌ను ఎద్దుకొవ్వులో వేయిస్తాయి. నైరుతి ఫ్రాన్స్‌లో బాతుకొవ్వు వాడే అలవాటు ఉన్నది. స్పెయిన్‌లో ఆలివ్ నూనె వాడతారు.

అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1990 వరకు ఫ్రెంచ్ ఫ్రైస్‌ను ఎద్దుకొవ్వు కలిసిన మిశ్రమంలో వేయించేది. ఆ సంవత్సరం శాకనూనెకు మారినట్లు ప్రకటించినది. అయితే రుచి కోసం గోమాంసం నుండి తీసిన పదార్థాన్ని స్వల్పంగా వాడుతూనే ఉన్నది. ఈ విషయం బయటపడిన తరువాత 2001లో అక్కడి హిందువులు, ఇతర శాకాహారులు దావా వేశారు. సంస్థ క్షమాపణ చెప్పి, 2002లో 1 కోటి డాలర్లు చెల్లించే ఒప్పందానికి వచ్చినది. ఈ సొమ్ములో ఎక్కువ భాగం శాకాహార, హిందూ తదితర సంస్థలకు కేటాయించబడినది. భారతదేశంలోని తమ దుకాణాలలో అటువంటి పదార్థం వాడటం లేదని సంస్థ తెలియజేసినది. శాకనూనె అన్న ప్రకటనను నమ్మి సంవత్సరాల తరబడి తిన్నవారికి ఇది డబ్బుతో తీరే నష్టం కాదు.

భారతదేశంలో పొట్లాలలో అమ్మే శాకాహార పదార్థాలపై ఆకుపచ్చ చుక్క గుర్తు తప్పనిసరి. బ్రిటన్, అమెరికాలలో అటువంటి నిర్బంధ గుర్తు లేదు. అందువలన అక్కడ ఏ కొవ్వులో వేయించారు, అదే పాత్రలో చేప గాని మాంసం గాని వేయిస్తారా, పైన పోసే గ్రేవీ దేనితో చేశారు అని అడిగి తెలుసుకోవలసి ఉంటుంది.

వేపుడులో జరిగే మార్పులు, ఆరోగ్యం

బంగాళాదుంపలో సుమారు 80 శాతం నీరు ఉంటుంది. కాగిన నూనెలో వేసినపుడు ఈ నీరు ఆవిరై బయటకు వస్తుంది. నూనెలో కనిపించే బుడగలు ఇవే. నీరు పోయిన చోటికి కొంత నూనె చేరుతుంది. ముక్క ఎంత పలుచనైతే అంత ఎక్కువ నూనె చేరుతుంది. పలుచని చిప్స్ బరువులో దాదాపు మూడోవంతు నూనెయే. లావుపాటి ముక్కలలో ఇది చాలా తక్కువ. బజ్జీలో పిండి పూత దుంపకు నూనె తగలకుండా అడ్డుపడుతుంది గాని, ఆ పూత తానే నూనె పీల్చుకుంటుంది.

బాగా చల్లని గిడ్డంగిలో నిలువ ఉంచిన దుంపలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అటువంటి దుంప వేయించినపుడు త్వరగా నల్లబడి చేదెక్కుతుంది. ముక్కలను నీటిలో కడిగి, తడి ఆర్చి వేయిస్తే ఈ లోపం కొంత తగ్గుతుంది. 2002లో స్వీడన్ ఆహార సంస్థ, స్టాక్‌హోమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వేయించిన దుంపలలో ఆక్రిలమైడ్ అనే రసాయనం ఏర్పడుతున్నట్లు వెల్లడించారు. ఇది జంతువులలో క్యాన్సరు కలిగిస్తుందని తెలిసినది. మనుషుల విషయంలో ఇంకా నిర్ధారణ కాలేదు. ముదురు గోధుమరంగు వచ్చేదాకా కాక, బంగారు రంగు రాగానే తీయటం మంచిది. బంగాళాదుంపను ఫ్రిజ్‌లో ఉంచకపోవటం కూడా ఇందుకే.

ఒకే నూనెను మళ్ళీ మళ్ళీ కాచటం ఇంకొక సమస్య. అటువంటి నూనె చిక్కబడి, నల్లబడి, నురుగు కట్టి, ఘాటైన పొగ వదులుతుంది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుండి నూనెలోని మొత్తం పోలార్ పదార్థాలు 25 శాతం మించరాదని నియమం పెట్టినది. ఈ పరిమాణాన్ని కొలవటానికి పరికరం కావాలి. మూకుడు ముందు నిలబడిన కొనుగోలుదారుకు మాత్రం నూనె రంగు, వాసన, నురుగు, ఈ మూడే ఆధారం. దుంపకు ఏ దేశంలో ఏ పేరు ఉన్నా ఈ గుర్తులు మారవు.

ఇవి కూడా చూడండి

- బంగాళాదుంప
- బజ్జీ
- బోండా
- మిరపకాయ
- శనగపిండి
- ఉయ్యూరు
- మారిషస్‌లో తెలుగువారు